ఉద్యోగస్తులకు ఎనిమిది వారాల సువార్త, విశ్వాస సమర్థన శిక్షణ: తయారీ నుంచి చివరి రిహార్సల్ దాకా

"వారంలో ఒక్క సాయంత్రమే దొరుకుతుంది. ఆఫీసులో ఎవరైనా విశ్వాసం గురించి అడిగితే నోరు పెగలదు. ఏదైనా చిన్న కోర్సు ఉందా?" ఈ ప్రశ్న నన్ను చాలామందే అడిగారు. దాని వెనకాలే ఇంకోటి వస్తుంది: "మా సంఘంలో మేమే పెట్టుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?" రెంటికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

నేను మొదటిసారి పెట్టిన శిక్షణ ఫెయిలైంది. నాలుగు వారాలు నేనే మాట్లాడాను. అందరూ శ్రద్ధగా నోట్సు రాసుకున్నారు, తలలూపారు. ఐదో వారం ఒకామెను లేపి, "మీ పక్క సీటావిడ 'యేసు మళ్లీ లేచాడంటే మీరెలా నమ్ముతారండీ?' అని అడిగింది. చెప్పండి" అన్నాను. ఆమె గబగబా నోట్సు తిరగేయడం మొదలుపెట్టింది. టీ తాగుతూ నిలబడ్డ చోట నోట్సు తెరిచే వీలుండదు కదా. అప్పటినుంచి మా శిక్షణలో సగం సమయం నేర్చుకునేవాళ్లు మాట్లాడడానికే.

కింద చెప్పిందంతా ఆ సగం చుట్టూనే తిరుగుతుంది.

## 1. మొదలుపెట్టే ముందు తేల్చుకోవాల్సినవి

గురి. "విశ్వాసంలో బలపడాలి" అనేది గురి కాదు, కోరిక. ఎనిమిది వారాల తర్వాత ప్రతి ఒక్కరూ చేసి చూపించగలిగినవి నాలుగుంటే చాలు:

- చర్చి భాష లేకుండా సువార్తను మూడు నిమిషాల్లో చెప్పడం
- తన సాక్ష్యాన్ని, అంటే విశ్వాసం తన జీవితాన్ని ఎలా మార్చిందో, మూడు నిమిషాల్లో చెప్పడం
- తరచూ ఎదురయ్యే ఐదు ప్రశ్నలకు తడుముకోకుండా జవాబివ్వడం
- తెలియని ప్రశ్న వస్తే "తెలియదు, కనుక్కొని చెప్తాను" అని, వారంలోపు నిజంగా వెళ్లి చెప్పడం

నాలుగోది చిన్నదిగా కనిపిస్తుంది కానీ ఎక్కువమంది తప్పేది అక్కడే.

ఎంతమంది. ఆరుగురు, తొమ్మిదిమంది, లేదా పన్నెండుమంది. రిహార్సల్ ముగ్గురేసి చేస్తారు కాబట్టి ఈ లెక్క. పన్నెండు దాటితే రెండు గుంపులు చేయండి. ముప్పైమందిని కూర్చోబెడితే అది మళ్లీ ప్రసంగమే అవుతుంది.

ఎంత సమయం. వారానికి ఒకసారి 90 నిమిషాలు, ఇంట్లో రోజుకు 15 నిమిషాలు. అంతకంటే ఎక్కువ అడిగితే మూడోవారానికి సగం కుర్చీలు ఖాళీ. షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు రాలేని వారం పాఠం భాగాన్ని రికార్డు చేసి పంపొచ్చు. రిహార్సల్ మాత్రం ఎవరో ఒకరితో ముఖాముఖి చేయాల్సిందే. వీడియో కాల్ అయినా సరే.

ఎవరు నడపాలి. వేదాంత పట్టా అక్కర్లేదు. తాను మాట్లాడడం ఆపి ఎదుటివాళ్లను మాట్లాడించగలిగే మనిషి కావాలి. పక్కన, చదివి సరిచూసి చెప్పే ఓపికున్నవాళ్లు ఒకరుండాలి.

పాస్టర్ గారితో ఒప్పందం. రెండు విషయాలు ముందే మాట్లాడుకోండి. ఒకటి, బాప్తిస్మం ఎలా ఇవ్వాలి, ఆత్మ వరాలు, అంత్యదినాలు లాంటి సంఘానికీ సంఘానికీ తేడా వచ్చే అంశాలు ఈ ఎనిమిది వారాల్లో ఎత్తకూడదు. రెండు, శిక్షణలో తేలని ప్రశ్న ఎవరి దగ్గరికి వెళ్లాలి.

## 2. ప్రశ్నలు పోగుచేయండి, పుస్తకంలోంచి కాదు

మొదటి తరగతికి రెండు వారాల ముందే చేయాల్సిన పని ఇది. పేరిచ్చిన ప్రతివాళ్లనూ, పనిచోట గానీ ఇరుగుపొరుగున గానీ తాము స్వయంగా విన్న ప్రశ్నలు ఐదు రాసి పంపమనండి. షరతు ఒక్కటే: విన్నది విన్నట్టే రాయాలి. "దైవ అస్తిత్వం" అని రాసి పంపితే వెనక్కి పంపండి. "దేవుడుంటే ఒక్కసారి కనిపించొచ్చుగా అన్నాడు మా టీమ్‌లో ఒకతను" అని రాస్తే తీసుకోండి. అడిగినవాళ్ల పేర్లు మాత్రం వద్దు.

తొమ్మిదిమంది నుంచి నలభై అయిదు ప్రశ్నలొస్తాయి. రిపీటయినవి తీసేస్తే పదిహేనో ఇరవయ్యో మిగులుతాయి. వాటిని నాలుగు కుప్పలు చేయండి:

- సమాచారం అడిగేవి: "బైబిల్లో ఏ పుస్తకాలుండాలో ఎవరు నిర్ణయించారు?"
- అభ్యంతరాలు: "అన్ని మతాలూ ఒకటే చెప్తున్నప్పుడు మీదొక్కటే నిజమంటే ఎలా?"
- గాయాలు: "దేవుడుంటే మా తమ్ముడికి ఎందుకిలా జరిగింది?"
- ఎత్తిపొడుపులు: "మీవాళ్లు ఆదివారం ఒకలా ఉంటారు, సోమవారం ఇంకోలా ఉంటారు."

కుప్పలు చేయడం నడిపేవాళ్ల పని కాదు, మొదటిరోజు అందరూ కలిసి చేయాలి. అప్పుడే ఒక విషయం వాళ్లకే అర్థమవుతుంది: ఒకే వాక్యం అడిగే మనిషిని బట్టి వేరే కుప్పలో పడుతుంది. "లోకంలో ఇంత బాధ ఎందుకు?" అని నిన్న రాత్రి ఏదో వీడియో చూసి అడిగేవాళ్లున్నారు, పిల్లాణ్ణి ఐసీయూలో పెట్టి అడిగేవాళ్లున్నారు. వాళ్లిద్దరికీ ఒకే జవాబు చెప్పడం కంటే మాట్లాడకుండా ఉండడం మేలు.

ఎత్తిపొడుపుల కుప్పను తేలిగ్గా తీసుకోకండి. అందులో చాలావాటికి జవాబు వాదన కాదు, "నిజమేనండీ, ఆ విషయంలో మావాళ్లు తప్పుచేశారు" అని ఒప్పుకోవడమే.

## 3. 90 నిమిషాలను ఎలా పంచాలి

- 10 నిమిషాలు: ప్రార్థన, పోయిన వారం ఎవరితో ఏం మాట్లాడారో రెండు ముక్కల్లో
- 30 నిమిషాలు: పాఠం. గడియారం పెట్టుకోండి.
- 40 నిమిషాలు: ముగ్గురేసి రిహార్సల్
- 10 నిమిషాలు: వచ్చే వారం పని, కనుక్కొని చెప్పాల్సిన ప్రశ్నల జాబితా

పాఠం సాగితే కోత పడాల్సింది పాఠానికే, రిహార్సల్‌కు కాదు. ఈ నియమం ఒక్కసారి సడలిస్తే చాలు, నాలుగో వారానికి రిహార్సల్ మాయమైపోతుంది.

ఇంటి పని కూడా ఒక్కటే ఇవ్వండి: మార్కు సువార్త. నాలుగు సువార్తల్లో చిన్నది, పదహారు అధ్యాయాలు. వారానికి రెండు చొప్పున ఎనిమిది వారాల్లో సరిగ్గా అయిపోతుంది. "బైబిల్లో ఎక్కడ మొదలుపెట్టాలి?" అని ఎవరైనా అడిగితే, ఈమధ్యే చదివినదాన్ని ధైర్యంగా చేతిలో పెట్టొచ్చు.

## 4. ఎనిమిది వారాల వరుస

వరుస ముఖ్యం. చాలామంది దేవుడున్నాడా లేడా అన్న వాదనలతో మొదలుపెడతారు. అలా చేస్తే శిక్షణ పొందినవాళ్లు వాదన నెగ్గడం నేర్చుకుంటారు గానీ సువార్త దగ్గరికి రాలేరు. ముందు చెప్పాల్సిన మాట, తర్వాత వినే అలవాటు, ఆ తర్వాతే జవాబులు.

### మొదటి వారం: సువార్తను మామూలు తెలుగులో చెప్పడం

ఆధారానికి 1 కొరింథీయులకు 15:3–4 చాలు: క్రీస్తు మన పాపాల కోసం చనిపోయాడు, సమాధి చేయబడ్డాడు, మూడో రోజున లేచాడు. దీని చుట్టూ నాలుగు విషయాలు కట్టుకోమనండి: దేవుడు మనల్ని ఎందుకు చేశాడు, మనం ఎక్కడ తప్పాం, యేసు ఏం చేశాడు, ఇప్పుడు మనల్ని ఏమని పిలుస్తున్నాడు.

కష్టం సిద్ధాంతంలో లేదు, మాటల్లో ఉంది. చిన్నప్పటినుంచీ చర్చికి వెళ్లేవాళ్లకు తాము వాడే మాటలు బయటివాళ్లకు అర్థం కావన్న సంగతే తట్టదు. ఇలా మార్పించండి:

- "రక్షించబడ్డాను" అంటే వినేవాళ్లకు ఏదో ప్రమాదంలోంచి బయటపడ్డట్టు ఉంటుంది. "దేవుడు నన్ను క్షమించాడని నమ్మాను, అక్కణ్ణుంచి నా దారి మారింది" అనండి.
- "పాపి" అంటే నేరస్థుడు అనుకుంటారు. "దేవుణ్ణి పక్కనపెట్టి నా ఇష్టమొచ్చినట్టు బతకడం" అంటే తమ సంగతి కూడా గుర్తొస్తుంది.
- "ప్రభువు నాతో మాట్లాడారు" అంటే కంగారుపడతారు. "బైబిల్ చదువుతుంటే ఒక మాట దగ్గర ఆగిపోయాను" అనండి.
- "అన్యులు" అన్న మాట శిక్షణ గదిలో కూడా వాడకండి. గదిలో వాడితే బయట నోరు జారుతుంది.

ఒక ఆట పెట్టండి. ఒకరు సువార్త చెప్తుంటే, చర్చి మాట వినబడిన ప్రతిసారీ మిగతా ఇద్దరూ బల్లమీద కొట్టాలి. మొదటిరోజు బల్ల విరుగుతుందేమో అనిపిస్తుంది.

### రెండో వారం: సాక్ష్యం

ముందు ఎలా ఉన్నాను, ఏం జరిగింది, ఇప్పుడెలా ఉన్నాను. ఒక్కోదానికి ఒక్క నిమిషం.

రెండు తప్పులు తరచూ వస్తాయి. ఒకటి, మొదటి భాగాన్ని సాగదీసి, పాత జీవితాన్ని సినిమాలా చెప్పడం. రెండోది, విశ్వాసుల ఇంట్లో పుట్టినవాళ్లు "నాకు సాక్ష్యమే లేదు" అనుకోవడం. వీళ్లను "ఈ సంవత్సరంలో మీ విశ్వాసం లేకపోతే మీరు వేరేలా చేసేవాళ్లు అనిపించిన ఒక్క రోజు చెప్పండి" అని అడగండి. అప్పు ఎగ్గొట్టినవాణ్ణి క్షమించడమో, ఆఫీసులో తప్పు లెక్కమీద సంతకం పెట్టకపోవడమో బయటికొస్తుంది. అదే సాక్ష్యం.

ఒక హద్దు: "నాకు జబ్బు తగ్గింది, మీకూ తగ్గుతుంది" అని మాటివ్వకూడదు. మీకు జరిగింది చెప్పండి, ఎదుటివాళ్లకు జరగబోయేది మీ చేతిలో లేదు.

### మూడో వారం: వినడం

అపొస్తలుల కార్యములు 17లో పౌలు ఏథెన్సులో చేసింది చూడండి. ముందు ఊరంతా తిరిగి చూశాడు. "తెలియబడని దేవునికి" అని రాసున్న బలిపీఠం దగ్గర మాట ఎత్తుకున్నాడు. వాళ్ల కవుల మాటల్నే వాళ్లకు చెప్పాడు. చివర్లో కొందరు ఎగతాళి చేశారు, కొందరు "మళ్లీ వింటాం" అన్నారు, కొందరు నమ్మారు. మనకూ ఈ మూడు రకాలే ఎదురవుతాయని ముందే చెప్పేయండి, సగం టెన్షన్ అక్కడే పోతుంది.

మూడు ఎదురు ప్రశ్నలు కంఠతా పట్టించండి:

- "మీకలా ఎందుకనిపించిందండీ?"
- "దేవుడంటే మీ మనసులో ఎలాంటివాడు?"
- "దీనికి జవాబు దొరికితే మీకు ఏం మారుతుంది?"

మూడోది జాగ్రత్తగా వాడాలి. గొంతు కాస్త తేడాగా వచ్చినా సవాలు విసిరినట్టుంటుంది.

### నాలుగో వారం: బైబిల్‌ను నమ్మొచ్చా

"బైబిల్ని మార్చేశారంట కదా" అన్న ఒక్క ప్రశ్నలో మూడున్నాయి. రాత మారిందా? పుస్తకాలను ఎవరు ఎంచారు? రాసింది నిజమేనా? ముందు ఏది అడుగుతున్నారో తేల్చుకోకుండా జవాబు మొదలుపెడితే ముగ్గురితో ఒకేసారి కొట్లాడినట్టే.

రాత సంగతి. 1947లో మృత సముద్రం ఒడ్డున కుమ్రాను గుహల్లో దొరికిన చుట్టల్లో యెషయా గ్రంథం మొత్తం ఉన్న చుట్ట ఒకటుంది. అప్పటిదాకా ఉన్న పూర్తి హెబ్రీ ప్రతులకంటే అది సుమారు వెయ్యేళ్లు పాతది. పోల్చి చూస్తే చిన్న తేడాలు చాలానే ఉన్నాయి, గ్రంథం మాత్రం అదే. రెండు ముక్కలూ చెప్పాలి. "ఒక్క అక్షరం కూడా మారలేదు" అని చెప్తే మీకంటే ఎక్కువ చదివినవాళ్లు ఒక్క నిమిషంలో దొరకబుచ్చుకుంటారు.

అలాగే మార్కు 16:9–20, యోహాను 7:53–8:11 భాగాలు చాలా పాత గ్రీకు ప్రతుల్లో లేవు. ఈ సంగతి అనేక బైబిళ్ల అడుగున ఉండే గమనికల్లోనే ఉంటుంది. మీ వాళ్లకు ఇది మీ నోటినుంచే ముందు తెలియాలి. బయట ఎవరో ఎగతాళిగా చెప్తే విని అదిరిపడే పరిస్థితి తేకండి.

పుస్తకాల సంగతి. క్రీ.శ. 325లో బిషప్పులు కూడిన నీకయా సభ ఓటేసి బైబిల్ పుస్తకాలను ఎంచిందని విపరీతంగా తిరిగే మాట ఒకటుంది. ఆ సభలో పెద్ద చర్చ క్రీస్తు దైవత్వం గురించి. పుస్తకాల జాబితాను అది తేల్చలేదు. ఇప్పటి కొత్త నిబంధనలోని 27 పుస్తకాలే ఉన్న జాబితా 367లో అలెగ్జాండ్రియా బిషప్ అతనాసియస్ రాసిన లేఖలో కనిపిస్తుంది. అప్పటికే సంఘాలు చాలా పుస్తకాలను చదువుకుంటూ ఉన్నాయి, కొన్నిటిమీద చర్చ సాగుతూ ఉంది.

నిజమేనా అన్న సంగతి. ఇది వచ్చే వారానికి దారి.

### ఐదో వారం: పునరుత్థానం

ఇక్కడ ఎంత తెలుసో, ఎంత నమ్మకమో విడదీసి చెప్పడం నేర్పండి. ఈ ఒక్క అలవాటుతో మీ మాటకు వచ్చే విలువ ఇంకేదానితోనూ రాదు.

చరిత్ర వైపు నుంచి చెప్పగలిగినవి: రోమా అధిపతి పిలాతు కింద యేసుకు మరణశిక్ష పడిందని క్రైస్తవుడు కాని రోమా చరిత్రకారుడు టాసిటస్ రెండో శతాబ్దం మొదట్లో రాశాడు. పౌలు కొరింథీయులకు మొదటి పత్రిక రాసింది సుమారు 55లో, అంటే సిలువ తర్వాత పాతికేళ్ల లోపే. అందులో తనకు అప్పగించబడిన మాట అంటూ కేఫా (పేతురు), పన్నెండుగురు శిష్యులు, ఐదువందలకు పైగా సహోదరులు, యాకోబు చూశారని వరుసగా చెప్తాడు. సంఘాన్ని హింసించిన పౌలే చివరికి ఆ వరుసలో నిలబడ్డాడు.

యేసు సిలువమీద చనిపోయాడన్నది, శిష్యులు ఆయన్ని చూశామని గట్టిగా నమ్మారన్నది విశ్వాసం లేని చరిత్రకారుల్లో కూడా చాలామంది ఒప్పుకుంటారు. ఖాళీ సమాధి మీద, ఆ చూడడం ఎలాంటిదన్న దానిమీద ఏకాభిప్రాయం లేదు. "ఇక్కడిదాకా చరిత్ర. దీనికి సరిపోయే వివరణ ఆయన నిజంగా లేవడమేనని నేను నమ్ముతున్నాను, ఎందుకంటే..." అని మొదలుపెట్టించండి. "నిరూపించాం" అన్న మాట వద్దు.

### ఆరో వారం: బాధ

ఈ వారం పాఠం పదిహేను నిమిషాలు చాలు. మిగతాదంతా రిహార్సల్.

లూకా 13లో సిలోయము గోపురం కూలి పద్దెనిమిదిమంది చనిపోయిన సంగతి వస్తుంది. వాళ్లు మిగతావాళ్లకంటే పాపులా? కాదన్నాడు యేసు. లాజరు సమాధి దగ్గర, లేపబోతున్నానని తెలిసి కూడా ఏడ్చాడు. యోబు స్నేహితులు ఏడు రోజులు మాట్లాడకుండా కింద కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదే. నోరు తెరిచాకే చెడింది.

మనిషికి దేవుడిచ్చిన స్వేచ్ఛ, పడిపోయిన లోకం, చివరి తీర్పు, ఈ ఆలోచనలన్నీ నేర్పండి. అవి గాయం మానాక, మనిషి తానుగా అడిగినప్పుడు పనికొస్తాయి.

### ఏడో వారం: "అన్ని మతాలూ ఒకటే", "సైన్స్ వచ్చాక దేవుడెందుకు"

మొదటిదానికి: మతాలన్నీ మంచినే చెప్తాయన్నది చాలావరకు నిజం, ఒప్పుకోండి. కానీ దేవుడెవరు, మనిషి సమస్య ఏంటి, విడుదల ఎలా అన్న చోట ఒక్కో మతం ఒక్కో మాట అంటుంది. అన్నీ ఒకటే అంటే ఏ మతంవాళ్ల మాటనూ పూర్తిగా విననట్టే. ఎదుటి మతాన్ని ఒక్క ముక్క కూడా కించపరచకుండా ఈ జవాబు చెప్పడం ఎలాగో రిహార్సల్‌లోనే తేల్చుకోండి. ఆ మతం గురించి మీకు తెలిసింది తప్పో ఒప్పో వాళ్లనే అడగొచ్చు కూడా.

రెండోదానికి: విశ్వం విస్తరిస్తోందని 1927లో రాసి, తర్వాత మహా విస్ఫోటన సిద్ధాంతానికి పునాది వేసిన జార్జ్ లెమైత్ర్ కాథలిక్ గురువు. సైన్స్‌కీ విశ్వాసానికీ పుట్టు వైరం లేదనడానికి ఇది మంచి ఉదాహరణ. అంతకుమించి లాగకండి. ఆయన కూడా తన సిద్ధాంతాన్ని మతచర్చకు దూరంగానే ఉంచాడు.

### ఎనిమిదో వారం: అంతా కలిపి

పాఠం లేదు. బయటినుంచి, వీలైతే విశ్వాసి కాని స్నేహితులను ఇద్దరిని పిలిచి, మనసులో ఉన్నది నిర్మొహమాటంగా అడగమనండి. శిక్షణ మీద వాళ్లిచ్చే తీర్పే అసలు మార్కులు.

## 5. రిహార్సల్ ఎలా చేయాలి

మూడు కుర్చీలు: అడిగేవాళ్లు, చెప్పేవాళ్లు, చూసేవాళ్లు. ఏడు నిమిషాలు మాట, మూడు నిమిషాలు చూసినవాళ్ల అభిప్రాయం, తర్వాత కుర్చీలు మారాలి. అడిగేవాళ్లు రెండో భాగంలో పోగుచేసిన చీటీల్లోంచి ఒకటి తీసి, ఆ మనిషిలాగే అడగాలి.

ఆరో వారంలో ఒక జట్టు చేసింది చెప్తాను. అడిగేవాళ్లు అందుకున్నారు: "మీరు ప్రతి ఆదివారం వెళ్తారు కదండీ. మరి మీ దేవుడు మా తమ్ముడి విషయంలో ఏం చేస్తున్నాడు?"

చెప్పేవాళ్లు వెంటనే, "దేవుడు మనిషికి స్వేచ్ఛ ఇచ్చాడండీ, దానివల్లే లోకంలో..." అని మొదలుపెట్టారు. చూసేవాళ్లు చెయ్యెత్తి ఆపారు. మళ్లీ మొదటినుంచి.

"తమ్ముడికి ఏమైందండీ?"

"యాక్సిడెంట్. మూడు నెలలైంది, ఇంకా లేవలేదు."

"అయ్యో. రాత్రిళ్లు దగ్గర ఎవరుంటున్నారు?"

"నేనే."

ఇక్కడ చెప్పేవాళ్లు కాసేపు ఆగారు. తర్వాత, "ఎందుకిలా జరిగిందో నాకు తెలియదండీ. తెలుసంటే అబద్ధమవుతుంది. మీకు అభ్యంతరం లేకపోతే మీ తమ్ముడి కోసం ప్రార్థన చేస్తాను. ఈ శనివారం రాత్రి మీ బదులు నేను కూర్చుంటాను, మీరు పడుకోండి."

చూసేవాళ్లు రాయాల్సినవి:

- జవాబుకు ముందు కనీసం ఒక ప్రశ్న అడిగారా?
- అడిగినదానికే చెప్పారా, తమకు తెలిసినదంతా చెప్పారా?
- రెండు నిమిషాలు దాటి ఆపకుండా మాట్లాడారా?
- చర్చి మాటలు ఎన్ని?
- తెలియనిది తెలియదన్నారా?
- ఎదుటి మనిషి ముఖం చూసి మాట్లాడారా?

మార్కులు వేయకండి. ఒకటి బాగుందని, ఒకటి మార్చుకోమని చెప్తే చాలు.

## 6. పనిచోట హద్దులు

శిక్షణలో దీన్ని వదిలేస్తే మీ వాళ్ల ఉద్యోగాలకే ముప్పు రావచ్చు. మత ప్రచారం గురించి మీ దేశ చట్టం, మీ సంస్థ నియమాలు ఏమంటున్నాయో మూడో వారానికి ముందే ప్రతివాళ్లూ చదివి రావాలి. తర్వాత ఇవి:

- జీతమిచ్చే సమయం పనిదే. మాటలు భోజన విరామంలో, పని అయ్యాక.
- మీ కింద పనిచేసేవాళ్లతో మీరుగా ఎత్తకండి. వాళ్లు "వద్దు" అనలేరు. వాళ్లే అడిగితే క్లుప్తంగా చెప్పి, మిగతాది ఆఫీసు బయట, వాళ్లకిష్టమైతేనే.
- ఆఫీసు గ్రూపుల్లో, ఆఫీసు మెయిల్లో వాక్యాలు పెట్టకండి.
- సాయం చేస్తే సాయంగానే చేయండి. డబ్బు, ఉద్యోగం, చదువు ఏదీ విశ్వాసానికి ముడిపెట్టకూడదు.
- "ఈ విషయం వద్దండీ" అంటే అక్కడితో ఆగిపోవాలి. స్నేహం మాత్రం ఆగకూడదు.

1 పేతురు 3:15లో మీలో ఉన్న నిరీక్షణకు హేతువు అడిగే ప్రతివాళ్లకూ జవాబు చెప్పమని ఉంది, ఆ వెంటనే సాత్వికముతోను భయముతోను అని కూడా ఉంది. అక్కడ జవాబుకు వాడిన గ్రీకు మాట అపొలోగియా, న్యాయస్థానంలో చెప్పుకునే సమాధానం లాంటిది. అంటే ముందు ఎవరో అడగాలి.

## 7. తరచూ జరిగే తప్పులు, వాటి మరమ్మతు

ఫార్వర్డులను ఆధారాలుగా వాడడం. చనిపోయే ముందు డార్విన్ పశ్చాత్తాపపడి క్రైస్తవుడయ్యాడన్న కథ 1915లో, ఆయన పోయిన ముప్పై మూడేళ్లకు, అచ్చయింది. ఆయన పిల్లలే కాదన్నారు. నాసా కంప్యూటర్లు యెహోషువ కాలంలో తప్పిపోయిన రోజును కనుక్కున్నాయన్నది, విద్యార్థిగా ఐన్‌స్టీన్ నాస్తిక ప్రొఫెసర్ నోరు మూయించాడన్నది, రెండూ కల్పితాలే. మరమ్మతు: మొదటివారమే ఒక నియమం పెట్టండి, ఎక్కడ రాసుందో చూపించలేనిది వాడకూడదు. ఒక్క అబద్ధం దొరికితే ఎదుటివాళ్లు మీరు చెప్పిన మిగతా నిజాలను కూడా పక్కనపెట్టేస్తారు.

ఒక్క విడతలో అంతా చెప్పేయాలనుకోవడం. మరమ్మతు: "మళ్లీ మాట్లాడుకుందామా?" అనేదే చివరి వాక్యంగా రిహార్సల్ చేయించండి.

వాదన నెగ్గినవాళ్లను గదిలో మెచ్చుకోవడం. ఎవరో వచ్చి, "అతను నోరెత్తలేకపోయాడు" అంటారు, అందరూ చప్పట్లు కొడతారు. చప్పట్లు ఆపి, "అతను మళ్లీ మీతో మాట్లాడతాడా?" అని అడగండి.

బాగా మాట్లాడేవాళ్లే ప్రతిసారీ మాట్లాడడం. మరమ్మతు: కుర్చీల వరుసను చీటీ తీసి నిర్ణయించండి. నెమ్మదస్తులు తరచూ మంచి శ్రోతలు, మూడో వారంలో వాళ్లనే నమూనాగా చూపించండి.

కనుక్కొని చెప్తానని చెప్పి మరిచిపోవడం. గోడకు ఒక కాగితం అంటించండి: ప్రశ్న, ఎవరు కనుక్కోవాలి, ఏ తేదీకి. ప్రతివారం చివరి పది నిమిషాలు దానికే.

శిక్షణలోనే సొంత సందేహం పైకి రావడం. ఇది తప్పు కాదు, కానీ సరిగా పట్టించుకోకపోతే మనిషి మళ్లీ రాడు. గదిలో అందరిముందు సరిచేయకండి. విడిగా కూర్చుని, రెండు మూడుసార్లు వినండి.

## 8. ఎనిమిదో వారం తర్వాత

ముగ్గురి జట్లను విడదీయకండి. నెలకొకసారి గంటసేపు కలవమనండి: ఎవరితో మాట్లాడాం, ఎక్కడ తడబడ్డాం, కొత్త ప్రశ్న ఏం విన్నాం.

ఎవరైనా స్నేహితులు "ఇంకా తెలుసుకోవాలనుంది" అంటే మొదటి అడుగు చర్చికి తీసుకెళ్లడం కాకపోవచ్చు. మార్కు సువార్త కలిసి చదువుదామా అని అడగండి, వారానికి ఒక అధ్యాయం, వాళ్లకు వీలైన చోట. ఒక్కో అధ్యాయానికి మూడు ప్రశ్నలు సరిపోతాయి: ఇందులో యేసు ఎలాంటివాడిగా కనిపిస్తున్నాడు? మీకు అర్థం కానిది ఏంటి? నమ్మబుద్ధి కానిది ఏంటి? మూడోది అడగడానికి భయపడకండి, మాట నిజంగా మొదలయ్యేది తరచూ దాని దగ్గరే.

తర్వాతి శిక్షణ మొదలుపెట్టే ముందు పెట్టుకోవాల్సిన తనిఖీ:

- పాత చీటీలు పక్కనపెట్టి కొత్త ప్రశ్నలు పోగుచేశామా?
- పోయినసారి శిక్షణ పొందినవాళ్లలో ఒకరు ఈసారి నడుపుతున్నారా?
- గోడ కాగితం మీద జవాబు చెప్పకుండా మిగిలిపోయిన ప్రశ్నలు ఉన్నాయా? ఉంటే, అడిగిన మనిషి దగ్గరికి ముందు వెళ్లి రండి, శిక్షణ తేదీ ఆ తర్వాత వేసుకోవచ్చు.